పీత పాఠం

మా పిల్లని బుద్ధిమంతురాలు అనకండి టీచరుగారూ. ఆ మాట వింటే ఈమధ్య నాకు గుండెల్లో దడొస్తోంది.

ఇందాక మీరు పేరడిగితే చేతులు కట్టుకుని "మధురిమ అండీ" అంది. ఏ క్లాసు అంటే "రెండో క్లాసండీ" అంది. మీరు ముచ్చటపడ్డారు. ఎవరైనా ముచ్చటపడతారు. కానీ అది మా మధు కాదండీ. మా మధుని పేరడిగితే పేరుతోపాటు పొద్దున్న పెరట్లో ఉడత ఏం తిందో, రిక్షా పెద్దిరాజు ఏం పాట పాడేడో అన్నీ చెప్పి, మీ మెళ్ళో ఆ సిలువ పట్టుకుని ఇది వెండా అని అడిగేది.

కాన్వెంటులో చదివే పిల్లని ఏడాది మధ్యలో తెచ్చి మునిసిపల్ బళ్ళో ఎందుకు చేరుస్తున్నావు అన్నారు కదా. ఫీజు కట్టలేక కాదండీ. వాళ్ళు పొమ్మననూ లేదు. మీకు ఇంటికెళ్ళే వేళయిందేమో? గంట కొట్టేసేరు. ఫర్వాలేదా? మధు సంగతంటారా, అది వరండాలో కూర్చుంటుంది. కూర్చోమంటే కూర్చుంటుంది. అదేగా ఇప్పుడు నా ఏడుపు.

నేను రాజోలులో ఎనిమిదో క్లాసు దాకా చదివేనండీ. ఆ పైన పెళ్ళి చేసేసేరు. వారపత్రికల్లో సీరియళ్ళంటే నాకు ప్రాణం. తలగడ కింద పెట్టుకుని చదివేదాన్ని. అందులో అమ్మాయిలకి కోపమొస్తే ఇంగ్లీషు, ప్రేమొస్తే ఇంగ్లీషు. అబ్బాయి రైలెక్కి వెళ్ళిపోతుంటే ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఇంగ్లీషులో ఏదో ఒక్క మాట అంటుంది. ఆ మాటకి అర్థం నాకు తెలీదు. అయినా ఏడ్చేసేదాన్ని. ఆ భాషలో వెన్నెల్లాంటిదేదో ఉంటుందని, నేనెలాగూ ఇవతలే ఉండిపోయాను, నా పిల్లయినా అవతలికి వెళ్ళాలని అనుకునేదాన్ని.

మా అత్తగారు వాళ్ళమ్మ పేరు, మరిడమ్మ అని పెట్టమన్నారు. నేను అన్నం మానేసి మధురిమ అని పెట్టించుకున్నాను. మా ఆయన కొబ్బరికాయల కొట్లో గుమాస్తా. "పిలవాలంటే నోరు తిరగొద్దూ" అన్నారు గానీ అడ్డు చెప్పలేదు. ఊళ్ళో కాన్వెంటు పెట్టేరనగానే అందులో వేద్దామన్నదీ నేనే.

మా పక్కవాటాలో ఇందిరాదేవిగారని ఉన్నారు. వాళ్ళాయన బ్యాంకులో ఆఫీసరు. వాళ్ళ ప్రకాశూ మా మధూ ఒకటే క్లాసు, ఒకటే రిక్షా. రెండు వాటాలకీ కలిపి పెరట్లో చేతిపంపు ఒకటే. అదండీ నా ఖర్మ. బిందె నిండేలోగా ఆవిడ వాడి మార్కులన్నీ చెప్పేసేవారు. లెక్కలకింత, డ్రాయింగుకింత, చేతిరాతకి స్టారు. "మావాడికి సెకండ్ ర్యాంకమ్మా. మీ పిల్లకో?" అనేవారు. నేను నసిగితే "ఫర్వాలేదులే, ఆడపిల్ల కదా" అనేవారు.

ఆ ఫర్వాలేదులే ఉంది చూశారూ. దాన్ని నేను బిందెతోపాటు చంకనేసుకుని ఇంట్లోకి మోసుకొచ్చేదాన్ని. ఒక్కోసారి బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా తెలీక పంపు కొడుతూనే ఉండేదాన్ని.

ఆవిడ చెడ్డవారని కాదండీ. నాకు జ్వరమొస్తే రెండు పూటలా చారు కాచి పంపించేరు. కానీ ఆ చారు గిన్నెతోపాటు ప్రకాశు తెలుగు మార్కులు కూడా వచ్చేవి.

ఇలా ఉండగా ఈ వానాకాలంలో, ఓ మధ్యాహ్నం, బడికి సెలవిచ్చేరు. నేను చాప మీద పడుకుని సీరియల్ చదువుతున్నాను. మధు వచ్చి నా పొట్ట మీద తల పెట్టుకుని "అమ్మా, ఇంగ్లీషులో చెప్పనా" అంది. చెప్పమన్నాను.

చెప్పిందండీ. ఏం చెప్పిందని. ఆగకుండా, తడుముకోకుండా. "దిస్సీజ్ ద లిటిలో, వేరీజ్ ద రేనీ, షీ బూటింగ్ బూటింగ్ ఆన్ ద బోటో" అంటూ. పైన కొబ్బరాకుల మీద వాన, లోపల దాని గొంతు. కాలవకి కొత్తనీరొచ్చినట్టు వచ్చేస్తోంది. నా చేతిలో పుస్తకం ఎప్పుడు జారిపోయిందో నాకు తెలీదు.

అర్థమేంటే అన్నాను. ఒక పీత ఉందట. దాన్ని వాళ్ళమ్మ కాన్వెంటులో వేసిందట. కాన్వెంటంటే బూట్లు తొడుక్కోవాలి కదా. ఒక కాలికి తొడిగి, ఇంకో కాలికి తొడిగి, ఇంకో కాలికి తొడిగి, అన్ని కాళ్ళకీ తొడిగేసరికి బడి వదిలేసేరట. మర్నాడూ అంతేనట. పాపం ఆ పీత బడి లోపల ఎలా ఉంటుందో ఇప్పటిదాకా చూడలేదట.

మీకు నవ్వొచ్చింది కదండీ? నాకూ వచ్చింది. ఇద్దరం చాప మీద దొర్లి దొర్లి నవ్వేం. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎంత మంచి పాఠాలు పెడతారో అనుకున్నాను. నాకేం తెలుసండీ. నాకొచ్చిన ఇంగ్లీషు సబ్బు మీద పేరు వరకే.

ఆ తరవాత రోజూ అదే పని. బడి నుంచి వస్తూనే సంచీ పడేసి "అమ్మా, ఇంగ్లీషు" అనేది. పీత అంతర్వేది తీర్థానికి వెళ్ళింది. పీత రథం కింద పడబోయింది. పీతకి వానలో తడిసి జలుబు చేసింది. నేను పప్పులో ఉప్పెయ్యడం కూడా మర్చిపోయేదాన్ని. వాళ్ళ నాన్నగారు కొట్టు నుంచి ఆ కొబ్బరిపీచు వాసనతో వచ్చి గుమ్మంలో నిలబడి వింటూ "బాగానే పట్టుబడిందే" అనేవారు. మా ఇంట్లో అంత సంతోషం ఎప్పుడూ లేదండీ.

అది మా ఇంట్లోనే ఉంచుకోవలసింది.

ఓ పొద్దున్న పంపు దగ్గర ఇందిరాదేవిగారు ప్రకాశుకి ఫస్ట్ ర్యాంకొచ్చిందన్నారు. నేను ఊరుకోలేకపోయేను. "మా మధు పీత పాఠం మొత్తం చూడకుండా చెప్పేస్తోందండీ" అన్నాను. ఆవిడ పంపు కొట్టడం ఆపేసేరు. "పీత పాఠమా? మావాడింకా పిల్లి దగ్గరే ఉన్నాడే" అన్నారు. నేను మధుని పిలిచి అక్కడే చెప్పించేను. ఆవిడకీ ఇంగ్లీషు రాదు, ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. నోరు తెరుచుకుని విన్నారు. ఆ రోజు ఆవిడ బిందె ఖాళీగానే లోపలికెళ్ళింది.

సాయంత్రం గోడవతల ప్రకాశు ఏడుపు. "పీత చెప్పు, పీత పాఠం ఎందుకు దాస్తున్నావు" అని ఒక్కో మాటకీ ఒక్కో దెబ్బ. అలాంటి పాఠం లేదమ్మా అని వాడు మొత్తుకుంటున్నాడు. మధు వచ్చి నా కొంగు పట్టుకుంది. "అమ్మా, వాడికి రాదమ్మా అది. అది..." అంటూ ఏదో చెప్పబోయింది. నేను దాని నోరు మూసేను. ఎవరికీ చెప్పకు, వాడు నేర్చేసుకుంటాడు అన్నాను.

ఆ దెబ్బలు నా చెవికి చప్పట్లలా వినపడ్డాయండీ. అలా చూడకండి. మీరు అడిగేరు కాబట్టి చెప్తున్నాను.

ఆవిడ ఊరుకుంటారా? తల్లిదండ్రుల మీటింగులో లేచి నిలబడి అందరి ముందూ అడిగేసేరు. ఫీజు అందరి దగ్గరా ఒక్కలాగే తీసుకుని కొందరు పిల్లలకే ముందు పాఠాలు చెబుతున్నారేంటని. పెద్దమేడం కేరళ ఆవిడ, పిల్లలందర్నీ కుట్టీ అనే పిలుస్తారు. ఆవిడకేమీ అర్థం కాలేదు. ఏ పాఠం అన్నారు. క్రాబ్ పాఠం అని ఇందిరాదేవిగారు, ఆ మాట వాళ్ళాయన్ని అడిగి నేర్చుకునొచ్చేరు కాబోలు, గట్టిగా అన్నారు. మేడం మధుని పైకి పిలిచేరు.

నేను పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. మధు నా వైపు చూసింది. దాని కళ్ళు బెదురుగా ఉన్నాయి. చెప్పమ్మా అని నేను తలూపేను.

చెప్పిందండీ. రెండు చేతులూ పీత కొండీల్లా పెట్టుకుని, మా చాప మీద చెప్పినట్టే. ముందుగా ఓ టీచరు రుమాలు నోటికడ్డం పెట్టుకుంది. వెనకాల డాక్టరుగారి భార్య నవ్వేరు. ఆపైన ఇక హాలంతా. మధు ఏమనుకుందో తెలుసాండీ? బూట్ల దగ్గరికొచ్చింది కదా కథ, అందుకు నవ్వుతున్నారనుకుంది. అదీ నవ్వింది. ఇంకా గట్టిగా చెప్పడం మొదలెట్టింది.

మేడం మధు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, వచ్చీరాని తెలుగులో, మెల్లిగానే అన్నారు. "ఇది ఇంగ్లీష్ కాదు, కుట్టీ."

అప్పుడు మధు మళ్ళీ నా వైపు చూసింది.

ఇందిరాదేవిగారూ నా వైపే చూస్తున్నారు. నేనేం చెయ్యనండీ? కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను. అందరితోపాటు నేనూ నవ్వేను. నాకు ముందే తెలుసన్నట్టు.

రిక్షాలో తిరిగొస్తున్నాం. కాలవ వంతెన ఎక్కుతుంటే పెద్దిరాజు దిగి తోస్తున్నాడు. అప్పుడడిగింది.

"నీకు అర్థమయ్యేది కదమ్మా?"

అయ్యేది అంటే సరిపోయేదండీ. ఒక్క మాట. ఇంకెప్పుడూ అలా వాగకు, పరువు తీసేవు అన్నాను.

"అలాగేనండీ" అంది.

అదే మొదలు. ఏమే అన్నం తింటావా అంటే "ఆయ్, తింటానండీ". నిద్దరొస్తోందా అంటే "లేదండీ". అడిగినదానికే జవాబు. ఎదురింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది నాతో. మా అత్తగారు మురిసిపోతున్నారు, ఇప్పటికి పిల్లకి తల వంచుకోవడం వచ్చిందని. వాళ్ళ నాన్నగారు మాత్రం రాత్రి భోజనాల దగ్గర "పీత ఏమైందమ్మా" అని అడిగేరు. "తెలీదండీ" అంది. ఆయన చెయ్యి కడిగేసుకుని లేచిపోయేరు. ఆ కాన్వెంటు ఇక వద్దన్నది ఆయనే. మునిసిపల్ బళ్ళో హన్నా టీచరుగారి దగ్గరికి తీసుకెళ్ళు, ఆవిడ పిల్లల్ని మాట్లాడనిస్తారు అన్నారు.

నేనూ అడిగి చూసేనండీ. తలుపులన్నీ వేసి, చాప పరిచి, వాన కూడా పడుతోంది. మధూ, ఒక్కసారి ఇంగ్లీషు చెప్పమ్మా, అమ్మకి వినాలనుంది అన్నాను. అది పుస్తకం తెచ్చుకుని పిల్లి పాఠం చదివింది. తప్పుల్లేకుండా. ఇది ఇంగ్లీషేనని నాకూ తెలిసింది. అందులో ఏమీ లేదండీ. పిల్లి చాప మీద కూర్చుందట, అంతే.

మీరు దాన్ని మాట్లాడించగలరా టీచరుగారూ? నాకూ తెలుసులెండి. తాళం వేసింది నేను, తాళంచెవి మీ దగ్గర వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొక్క సంగతి చెప్పి వెళ్తాను. ఇది వింటే మీకు నా మీద అసహ్యం వేస్తుంది, వెయ్యనివ్వండి.

నిన్న పంపు దగ్గర ఇందిరాదేవిగారు నిలబడి మధుని చూస్తున్నారు. అది "జరగండమ్మా, బిందె పెట్టుకుంటానండీ" అంది. ఆవిడ నా వైపు తిరిగి, "ఎంత మర్యాదమ్మా నీ కూతురికి! మావాడు నన్ను నువ్వూ నువ్వూ అంటాడు. మధుని చూసి నేర్చుకోరా అని రోజూ తంతున్నాను, వాడికి రావట్లేదు. నువ్వెలా నేర్పేవో కాస్త చెప్పవూ" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడగడం అదే మొదలండీ.

నాకు, చెప్పొద్దూ, కడుపు నిండినట్టయింది.