ఆడమ్స్‌టౌన్ దుకాణంల తిప్పి మడిచిన పేపర్లు

"అమ్మమ్మా, నా చిన్నప్పుడు పేపర్ల కోసం దుకాణపాయనతోని కొట్లాడినవట, నిజమేనా?"

కొట్లాటా? ఎవలు చెప్పిండ్రు, మీ అమ్మనేనా? కొట్లాట కాదు బిడ్డా. కూసో, చెప్త.

గప్పుడు నువ్వు రెండో క్లాసు. మీ నాయినకు ఈడ, ఈ ఐరిషోల్ల దేశంల, సాఫ్ట్‌వేర్ కొలువాయె. కంపెనీలు మందిని తీస్కుంటనే ఉండె, ఆడమ్స్‌టౌన్ల నెలకొక కొత్త తెలుగోల్ల ఇల్లు దిగుతుండె. మీ అమ్మ గూడ కొలువుకు పోవట్టె, నిన్ను బడికి తోల్కపోవుడు నా పని. తొవ్వల మూలమీద దుకాణం. ఆడ పేపర్లు చూస్తే నాకు పానం లేసొచ్చేది. మీ తాత జగిత్యాల బస్టాండ్ కాడ పేపర్ ఏజెంటు గదా. రూపాయికి పేపర్ అప్పుడు. కాదు కాదు, నా లగ్గమైన కొత్తల రూపాయి గూడ లేదు, అర్ధ రూపాయే.

ఈడ ఐరిష్ పేపర్లు ఒక దిక్కు, లండన్ నుంచి వచ్చేటియి ఒక దిక్కు. ఆ లండన్ పేపర్లు చూస్తే నవ్వొచ్చేది, తెల్సా. లగ్గం ఫ్లెక్సీ మీద రాసినట్టు ఇంతింత అక్షరాలు. రాణి మనుమలు, బంతాటోల్ల పెండ్లాలు, ఎవలింట్ల ఎవలు అలిగిండ్రో, అన్నీ మొదటి పేజీలనే. మనం వాకిట్ల చెప్పుకునే ముచ్చట్లు ఆల్లు అచ్చేసి అమ్ముకుంటరు. పదో క్లాసు చదివిన గదా, కూడవలుక్కుంట చదువుతుంటి.

ఒకనాడు మాత్రం నవ్వు రాలే. పెద్ద పటం. సంచులు పట్టుకొని లైన్ల నిలవడ్డ మనుషులు, మన రంగే. ముంగట చున్నీ కప్పుకున్న ఒకామె, సంకల పిల్ల. దేశం నిండింది, బయటోల్లు ఇగ చాలు అన్నట్టు పైన రాసిండ్రు. నేనింకా అక్షరాలు కలుపుకుంటున్న, నువ్వు టక్కున చదివి నా కొంగు గుంజినవ్. "అమ్మమ్మా, ఇజ్ దట్ అజ్?" అన్నవ్, అది మనమేనా అని. నీ చెయ్యి పట్టుకొని బడి దిక్కు నడిచిన.

ఇంటికొచ్చి చెప్తే మీ అమ్మ, అది మనం కాదమ్మా, మనం వీసా మీద కొలువుకొచ్చినోల్లం అన్నది. మీ నాయినైతే, అత్తమ్మా, దుకాణంల లొల్లి పెట్టకుండ్రి, గార్డ్స్‌ను పిలుస్తరు అన్నడు. గార్డ్స్ అంటే పోలీసోల్లే. రానియ్ అనుకున్న. నా మన్మరాలు పొద్దుగాల ఆ పేజీ చూసి తల దించుకొని బడికి పోవద్దు, గంతే.

మీ తాతకొక పద్ధతుండె. ఎవలింట్లనన్న సావైతే ఆ వార్త పేపర్ల పడ్తది గదా, ఆ ఇంటికి మాత్రం మొదటి పేజీ లోపలికి పోయేటట్టు తిప్పి మడిచి ఏస్తుండె. లేవంగనే ఆల్ల కండ్ల పడొద్దని. మడిచిచ్చేది నేనే. తెల్లారి గూడ గసొంటి పేజీయే, దుకాణంల ఆ కట్టంత అట్లనే మడిచిన. మర్నాడు ఇంకో పటం, మాట మాత్రం గదే. మల్ల మడిచిన. దుకాణపాయన సక్కగ పెట్టుడు, నేను మల్ల మడుసుడు.

ఆఖరికి పట్టుకున్నడు. "వాట్ ఆర్ యూ అట్, మిస్సెస్?" అన్నడు మొకం ఎర్రగ చేసుకొని, ఏం జేస్తున్నవమ్మా అని. నాకొచ్చిన ఇంగ్లీషెంత? "మై హస్బెండ్ పేపర్ మ్యాన్. డెత్ హౌస్, ఫోల్డ్ లైక్ దిస్. స్మాల్ గర్ల్ రీడింగ్" అన్న, నిన్ను చూపిచ్చుకుంట. ఆడికెల్లి జరగలే. ఆయన ఇగ ఏందో చెప్పవట్టె. నువ్వే నాకు తెలుగుల చెప్పితివి, యాదికుందా? ఆయన పెద్దన్న లండన్ల ఇండ్లు కట్టే కూలికి పోతే, ఆడి పేపర్లు ఐరిషోల్లను గూడ గిట్లనే రాసినయట. అసొంటి పేపర్ ఇంటికొస్తే, ఆల్లమ్మ కండ్ల పడకుండ ఈయన పొయ్యిల పెట్టేటోడట.

అమ్ముడైతే మానలే, దుకాణం గదా. గని ఒక పేపర్ తీసి తనే మడవ చూసిండు, అడ్డదిడ్డం. గట్ల కాదయ్యా అని గుంజుకొని చూపిచ్చిన. అప్పటిసంది బడి పిల్లలు పోయేదాక ఆ కట్ట లోపలికి మడిచే ఉండేది. ఆల్లు పోయినంక మల్ల తిప్పుకునేటోడు.

మీ అమ్మ మనం కాదన్నది గని, నేను చెప్త ఇను. మనమే బిడ్డా. ఆ లైన్ల నిలవడ్డామె మనమే, దుకాణపాయన పెద్దన్న గూడ మనమే. కాదంటే ఆమెను ఒక్కదాన్నే ఆడ ఇడిశిపెట్టినట్టు. ఎవలన్న అడిగితే తలెత్తి, అవును మేమే అను. సల్లగుండు నా తల్లీ. ఆ పటంల సంకల పిల్ల గూడ పెద్దదయి ఉంటదిప్పుడు... ఏడున్నదో ఏమో, అది గూడ సల్లగుండాలె.