పోస్టరులో ఉన్న చెయ్యి

పేరు, ఇంటి నంబరు పై కాగితంలో రాయించాను. వయసు యాభై రెండు. వృత్తి వడ్రంగం, తలుపులు, కిటికీలు చేస్తాను. ఆదివారాలు మా వీధి చివరి ప్రార్థన హాల్లో బైబిలు వాక్యం చెబుతాను. చదువు ఐదో తరగతి. గ్రంథం చదవడం నాకెవరూ నేర్పలేదు, కూడబలుక్కుని నేనే నేర్చుకున్నాను. వాంగ్మూలం చెప్పేటప్పుడు గ్రంథం పక్కన పెట్టమని ఎస్సై గారు అన్నారు. పెట్టనన్నాను. ఒళ్లో పెట్టుకునే చెబుతున్నాను.

నేరం ముందే ఒప్పుకుంటున్నాను. ఈ రోజు, నాలుగో తేదీ శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు నలభైకి టైర్ల షాపు వెనక రేకుల షెడ్డులో పాటల బ్యాండు వాళ్ల పెద్ద డ్రమ్మును తన్ని పగలగొట్టింది నేనే. ఒక్కసారే తన్నాను. ఆ బ్యాండులో పాడే మనిషిని, అందరూ పొడుగోడు అని పిలిచేవాణ్ణి, కాలరు పట్టుకున్నాను. కొట్టలేదు. అతని చొక్కా రెండో గుండీ ఊడి నా చేతిలోకి వచ్చింది. ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను. అతని సొత్తు అతనికి ఇవ్వండి. నేను వచ్చింది కూడా సొత్తు గురించే.

నాకు ఒక్కతే కూతురు. ఇరవై ఏళ్లు. డిజైన్ కాలేజీలో మూడో సంవత్సరం. ఊళ్లో ఉన్న ఏదో ఒక పాటల బృందానికి పోస్టరు, టికెట్టు, స్టేజీ వెనక బ్యానరు తయారు చేయడం వాళ్ల క్లాసు ప్రాజెక్టు. మా అమ్మాయి ఈ బ్యాండును ఎంచుకుంది. నాకు చెప్పలేదు. చెబితే ఏమంటానో దానికి తెలుసు.

గత నెల పన్నెండో తేదీ బుధవారం ఉదయం ఎనిమిదింటికి మంచం కింద దాని బొమ్మల పుస్తకం దొరికింది. డ్రమ్ములు, గిటార్లు, నోరు తెరిచి అరిచే ముఖాలు. జిగురు కాచే పొయ్యిలో పేజీ పేజీ చింపి వేశాను. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "అది దాని పరీక్షండీ" అంది. "నాకూ పరీక్షే" అన్నాను. అమ్మాయి ఏడవలేదు. పొయ్యి చల్లారాక బూడిద ఎత్తి, ఊడ్చి, చీపురు మళ్లీ మూలన పెట్టింది. ఆ పెట్టడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఇరవయ్యో తేదీ నుంచి పోస్టర్లు గోడలెక్కాయి. పైకెత్తిన చెయ్యి, అందులోంచి అలలు అలలుగా శబ్దం. పనికి పోతూ వస్తూ నలభై ఒకటి చింపాను. లెక్కపెట్టాను, పుణ్యం అనుకున్నాను కాబట్టి. కింద డిజైన్ అని పొడుగోడి పేరు ఉంది. మా అమ్మాయి పేరు లేదని సంతోషించాను. ఆ సంతోషం కూడా రాయండి.

ఈ రోజు పదకొండున్నరకు కాలేజీలో క్లాసు మేడమ్ నన్ను పిలిపించారు. బల్ల మీద ఒకవైపు మా అమ్మాయి షీట్లు, ఇంకోవైపు గోడ మీద పోస్టరు. పోస్టరు తానే గత నెల పదో తేదీన గీశానని పొడుగోడు ఉత్తరం ఇచ్చాడట. మా అమ్మాయి తన బొమ్మ స్కాన్ చేయించిన ప్రింటింగు షాపు అతని బావమరిదిది. అతనూ అదే మాట. మా అమ్మాయి కాపీ కొట్టిందని సోమవారం పదింటికి కమిటీ తేలిస్తే ఏడాది చదువు పోతుంది. ముందు గీసుకున్న పెన్సిలు కాగితాలు ఒక్కటైనా చూపించమని మేడమ్ అడిగారు. అసలు ఈ చెయ్యే ఎందుకని కూడా అడిగారు.

"నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే పెద్ద గొంతు ఆ చేతిదే మేడమ్" అంది మా అమ్మాయి. నాకు అర్థం కాలేదు.

కాగితాల మాటకు నా వైపు చూసింది. చూసి, "పోయాయి మేడమ్" అంది.

పోలేదు. నేను కాల్చాను. అబద్ధం ఆడితే నాలుక కాలుతుందని దానికి నేర్పినవాణ్ణి. అది నా కోసం ఆడిన అబద్ధం వెనక నోరు మూసుకుని నిలబడ్డాను. హాల్లో మైకు అక్కర్లేని గొంతు నాది. అక్కడ పెగల్లేదు.

అక్కడినుంచి నేరుగా షెడ్డుకు పోయాను. పక్కవాడి ద్రాక్షతోట కాజేసిన రాజు గతేమైందో చెప్పాను. పొడుగోడు నవ్వాడు. "ఏంటి పెద్దాయనా, మొన్నటిదాకా పాపమని చింపారు. ఇవాళ మీ అమ్మాయి సొత్తయిందా? పాపం మీ ఇంట్లో పుట్టిందని గోడల మీద రాయించమంటారా?" అన్నాడు. డ్రమ్ము మీద కూర్చున్నతను కర్రతో ఒక దెబ్బ వేశాడు, ఆ మాటకు తాళంలాగా. అప్పుడు తన్నాను.

రెండింటికి నన్నూ పొడుగోణ్ణీ ఇక్కడ స్టేషన్లో ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. కోపం దిగడానికి గ్రంథం తెరిచాను. అందులో నా ప్రసంగం కాగితం ఉంది. నేను ప్రసంగం చిత్తు కాగితాల వెనకే రాసుకుంటాను. పనికిరాదని మా అమ్మాయి పారేసినవి. నాకు శిక్షణ లేదు గనుక, తప్పు చెప్పకుండా మా హాలు పెద్దాయన శనివారమే చదివి కింద సంతకం, తేదీ వేస్తారు. దీని మీద గత నెల ఒకటో తేదీ ఉంది. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి మీద ప్రసంగం. అందరి వైపూ వేలు చూపించి నలభై నిమిషాలు అరిచాను. కాగితం అప్పటినుంచి గ్రంథంలోనే ఉంది. వెనక్కి తిప్పి చూసింది ఈ రోజే.

పెన్సిలుతో గీసిన చెయ్యి. పైకెత్తిన కుడి చెయ్యి. చిటికెన వేలు సగమే ఉంది.

నా చిటికెన వేలు పదకొండేళ్ల కిందట రంపం మిషన్‌లో పోయింది. గోడల మీద పోస్టర్లలోనూ అది సగమే. నలభై ఒక్కసార్లు ఆ చేతిని ఈ చేత్తోనే చింపాను. ఒక్కసారి కూడా గుర్తుపట్టలేదు.

కాగితం కానిస్టేబుల్ గారికి చూపించాను. ఆయన పొడుగోణ్ణి, పోస్టరులో వేలు సగమే ఎందుకుందని అడిగారు. "అదొక స్టైలండి" అన్నాడు. కానిస్టేబుల్ గారు నా చెయ్యి పట్టుకుని అతని ముఖం ముందు పెట్టారు. "మీ స్టైలు ఊరంతా అంటించారే పెద్దాయనా" అని నాతో అన్నారు.

డ్రమ్ముకు చెక్క చట్రం నేనే కొత్తది చేసిస్తాను. కేసు పెడితే పెట్టండి. ఆ కాగితం రెండు వైపులా నకలు తీసి, స్టేషను ముద్ర వేసి, సోమవారం పదింటిలోగా కాలేజీకి పంపండి. అసలు కాగితం మా అమ్మాయికి ఇవ్వండి. వెనకవైపు ప్రసంగం నాకిక అక్కర్లేదు. అది ఎవరికి చెప్పాలో వాడికి చేరింది.

ఇదంతా ఎవరూ బెదిరించకుండా, ఆశ చూపకుండా నా నోటితో చెప్పాను. చదివి వినిపిస్తే విన్నాను. ఒక్కచోట దిద్దించాను. "ఆధారాలు లభ్యం కాలేదు" అని రాసినచోట "తండ్రి కాల్చాడు" అని మార్పించాను. ఇప్పుడు ఇది నిజం.

సంతకం చాలన్నారు. సిరా అడిగి చెయ్యంతా వేశాను.

(సంతకం)
(కుడి చేతి ముద్ర, చిటికెన వేలు సగం)