సున్నా పెట్టిన లైను

(యూనివర్సిటీలో ప్రొఫెసరు గది. ప్రొఫెసరూ, రేపు థీసిస్ ఇవ్వాల్సిన ఆయన విద్యార్థినీ.)

“తీసెయ్యమన్నాను. నాలుగో అధ్యాయం మొత్తం.”

“తీయను సార్.”

“తీయవూ?”

“తీయను.”

“ఇదిగో అమ్మాయ్, సంతకం పెట్టాల్సింది నేను. గుర్తుందా?”

“ఉంది సార్. అందుకే ముందు మీకే చూపించాను.”

“ఏముంది అందులో కొత్తగా? విశ్వం పుట్టిన కొత్తలో ఏర్పడ్డ రెండు కృష్ణబిలాలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోతాయి. చుట్టూ కంటికి కనపడని కృష్ణపదార్థం ఎంత పేరుకున్నా వాటికి పట్టదు. పదేళ్ల కిందటే రాశాను.”

“పడుతుంది సార్. దానిలోంచి తిరుగుతుంటే వేగం పోయి దగ్గరికొస్తాయి. త్వరగా కలవాలి. కానీ కోలగా ఉన్న కక్ష్య కాస్తా గుండ్రమవుతుంది. దాంతో మధ్యమధ్య ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవడం తగ్గి, ఆలస్యమూ అవుతుంది.”

“అదే కదా నేననేది! ఇటు తొందర, అటు ఆలస్యం. చెల్లుకు చెల్లు.”

“చాలావరకు చెల్లు. పూర్తిగా కాదు.”

“ఆ కాస్తకి నా పరువు తీస్తావా?”

“గొడవ ఆ కాస్త గురించి కాదు. ‘కృష్ణపదార్థాన్ని కలిపి లెక్కగట్టాం, తేడా రాలేదు’ అని రాశారు మీ పేపర్లో. ఆ లెక్క చేసిన కంప్యూటర్ ప్రోగ్రాంలో చూస్తే కృష్ణపదార్థం దగ్గర సున్నా ఉంది. సున్నా కలిపితే తేడా ఎక్కణ్ణించి వస్తుంది సార్?”

“అది... అది నేను చేసింది కాదు. అప్పటి స్టూడెంటు టైపు చేసింది. మధ్యలో వదిలేసి పోయిందే, ఆ పిల్ల. బుర్రుంటే కదా!”

“ఆ లైను పక్కనే ఆవిడ రాసిపెట్టింది. ‘ప్రస్తుతానికి సున్నా. సార్ పెట్టమన్నారు. రేపు మార్చాలి.’”

“ఎప్పటిదో పాత...”

“ఆ రేపు పదేళ్లయినా రాలేదు. మారుద్దామని అడిగినందుకే కదా ఆవిణ్ణి వెళ్లగొట్టారు?”

“ఎవరు చెప్పారు నీకు? ఎవరు చెప్పారంటున్నా!”

“అరవకండి సార్. అరిచినంత మాత్రాన సున్నా మారదు.”

“సంతకం పెట్టను, పో. నీ ఐదేళ్లూ మట్టిగొట్టుకుపోతాయి.”

“పోనివ్వండి. భయంగానే ఉంది, అయినా తీయను. ఆ అధ్యాయాన్ని పొద్దున్నే సైన్సు పత్రికకి పంపేశాం.”

“పంపేశామా? ఎవరెవరు?”

“ముందు ఆవిడ పేరు, తర్వాత నాది. లెక్క మొదలుపెట్టింది ఆవిడే కదా.”

“అబద్ధం. ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలీదు.”

“కింద క్యాంటీన్లో కూర్చుంది సార్. పైకి రమ్మననా, మీరే వెళ్తారా?”