గొడ్డుబాయి

కడప జిల్లాలో కొండ వారనున్న ఒక పల్లె. హనుమమ్మ అరుగు మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. ఇక్కడి మాటలు సేకరించడానికి యూనివర్సిటీ నుంచి వచ్చి, నలభై రోజులుగా బడి గదిలో ఉంటున్న పవిత్ర రికార్డరు పెట్టుకుని ఆమె ఎదురుగా కూర్చుంది.

“మాట మార్చాకు పాపా. నేనడిగిందానికి చెప్పు. ఎన్నో నెల?”

“చూశావా, మళ్లీ అన్నావు. ‘మార్చాకు’. నీ నోట్లో ఎంత బాగుంటుందో. నేనింత దూరం వచ్చింది ఈ ‘ఆకు’ కోసమేనవ్వా. చేయాకు, పోవాకు, అనాకు. ఈ ఒక్క ‘ఆకు’ మీదే రెండొందల చీటీలు రాశాను.”

“ఆకంట, ఆకు. తమలపాకా, ఇస్తరాకా? వద్దని చెప్పేదానికి గూడా పెద్ద చదువు చదవాల్నా?”

“వద్దని ఎన్ని రకాలుగా చెప్తారో రాసేదే నా చదువు.”

“మంచి చదువే. ఎన్నో నెల?”

“ఏం నెలవ్వా?”

“ఈ ఊర్లో సగం మందికి బొడ్డు కోసింది నేను. ఆస్పత్రులొచ్చినాక గూడా బిడ్డకు నీళ్లు పోయల్లంటే హనుమమ్మనే పిలుస్తారు. అరుగెక్కేటప్పుడు నువ్వు చెయ్యి యాడ పెట్టుకుంటాండావో నాకు కనపడదా?”

“మూడు పోయి నాలుగు పడింది.”

“ఆ.”

“ఎవరికీ చెప్పలేదవ్వా. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఎనిమిదేళ్లకి వచ్చింది. కర్నూలు ఆస్పత్రి అయింది, బెంగుళూరు అయింది, ఇంక మనకి రాసిపెట్టి లేదులే అనుకున్నాక వచ్చింది. చెప్తే ఏమవుతుందోనని భయం.”

“ఎనిమిదేండ్లా.”

“ఎనిమిది.”

“మరి ఇంత ఎండలో ఈ కొంపలెంబడి తిరిగే పనేంది నీకు? పుస్తకం ముందా, బిడ్డ ముందా?”

“కాన్పు లోపల పుస్తకం ఇచ్చేస్తే డాక్టరేటు చేతికొస్తుంది. ఇంకొక్క వారం ఉంటే చాలు. నాలుగు సామెతలు చెప్పవ్వా, నన్ను పంపించేయి. నీళ్ల మీద ఏమైనా ఉన్నాయా?”

“బడి గదిలో ఏం నీళ్లు తాగుతాండావు?”

“ప్రశ్నలు నేను అడగాలవ్వా, నువ్వు కాదు. కొళాయి నీళ్లే. ఊరంతా తాగేవే.”

“నేను తాగను.”

“తెలుసులే. వంక దాకా నడిచిపోయి ఇసకలో తీసిన చెలమలో తోడుకొస్తావు. మాయమ్మది పాత చాదస్తం అని మీ కేశవ చెప్పాడు.”

“వాడట్లనే అంటాడు. వార్డు మెంబరు కదా. ఊరికి కొళాయి తెచ్చిన మొగోడు. ఈ చెంబులోవి తాగు, చెలమవి.”

“పర్వాలేదు, నా సీసా ఉంది. సరే, గొడ్డుబావి మీద ఏదో సామెత ఉందంట. బడి పక్కింటి చిన్న ఈరన్న సగం చెప్పి, మిగతాది అవ్వనడుగు అన్నాడు.”

“వాని నోరు పడిపోను. అది సామెత గాదు.”

“మరేంది?”

“మాయత్త నేర్పిన మాట. ఆయమ్మకు వాళ్లత్త. కొత్తకోడలు కాపరానికొస్తే మొదట ఆ మాట నేర్పి, ఆ తర్వాతనే కడవ చేతికిస్తాండ్రి. ఇప్పుడెవురూ అనరు. అంటే కేశవకు కోపం.”

“కేశవకి కోపం ఎందుకు?”

“కొళాయిలో వచ్చేది ఆ బాయి నీళ్లే గనక.”

“కేశవ ఇక్కడ లేడులే. కొంచెం ఇటు జరుగు, గాలికి మాట సరిగా పడదు. ఊ, చెప్పు.”

“గొడ్డుబాయి నీళ్లు తాగనిచ్చినోళ్లు కాశీలో గోవును సంపినోళ్లు.”

“ఇంకోసారి చెప్పు.”

“వినపల్యా?”

“తాగనియ్యనోళ్లు కదా? నీళ్లు తాగనియ్యకుండా అడ్డం పడినవాళ్లకి ఆ పాపం. అంతే కదా?”

“తాగనిచ్చినోళ్లు. నా పండ్లు ఊడినాయి గానీ నాలుక ఊడలేదు పాపా.”

“లేదవ్వా. నీళ్లు తాగనిస్తే పాపమెట్లా అవుతుంది? గొడ్డు అంటే పశువు. పశువుల బావి. పశువుల్ని నీళ్లు తాగనియ్యకపోతే పాపం.”

“గొడ్డూ గోదా అనే గొడ్డు అనుకుంటివా?”

“మరి?”

“గొడ్రాలు అనే మాట నీ చీటీల్లో ల్యాదా? ఈతకు రాని ఆవును గొడ్డుటావు అనరా మీ పక్క? ఆ గొడ్డు. ఆ నీళ్లు తాగినామెకు కడుపు నిలవదు. అందుకే అది గొడ్డుబాయి. ఏం పాపా, రాసుకోవా? ఇంతసేపు బరబరా రాస్తాంటివే.”

“రాయి మీద ‘తాగని’ దాకా ఉంది. ఆ తర్వాత రెండక్షరాలు పెచ్చు లేచిపోయాయి. ఆ తర్వాత ‘వారు’ అని ఉంది.”

“ఏ రాయి?”

“బావి గట్టు మీద రాయి. శాసనం చెక్కిన రాయి.”

“నువ్వు ఈ ఊరికొచ్చినాక ఆ పక్కకే పోలేదు కదా. నీకెట్ల తెలుసు?”

“ఏదో పుస్తకంలో చూశానులే.”

“ఆ పుస్తకమేనా? మా కేశవ చంకలో పెట్టుకోని తిరిగినాడే, పచ్చట్ట పుస్తకం?”

“అయ్యుంటుంది.”

“కర్నూల్లో ఎవురో చదివినారంట. ఈ రాయి మొగం గూడా సూడల్యా. ఎవరో కాగితం మీద మసి పూసి అచ్చు తీసకపోతే, దాన్ని సూసి చదివేసిరి. ల్యాని అక్షరాలు గూడా చదివేసిరి సూడు, ఆ చదువుకు దండం పెట్టల్ల.”

“అవ్వా, ఆ పుస్తకానికీ కొళాయికీ ఏం సంబంధం?”

“ఏం సంబంధమంటావా? ఆ యేడు బోర్లన్నీ ఎండిపాయ. సగం ఊరు బెంగుళూరు పనులకు పాయ. అప్పుడే ఈ పుస్తకమొచ్చె. మా కేశవ దాన్ని ఊరంతా సూపిచ్చె. ‘ఇది పుణ్యాత్ములు పశువుల కోసం తవ్విచ్చిన బాయి, దీని నీళ్లు ఎవురికీ వద్దనగూడదు, అట్లని రాయి మీదనే ఉండాది, మనమే తెలీక పాడుపెట్టుకున్యాము’ అనె. పూడిక తీసిరి, మోటరేసిరి, ట్యాంకు కట్టిరి. పుస్తకంలో ఉండేది బోర్డు మీద రాపిచ్చిరి.”

“నువ్వు వద్దని చెప్పలేదా?”

“చెప్పేదేంది, మోటరుకు అడ్డం పండుకుంటి. నా కొడుకే నా రెట్ట పట్టి లేపె. ‘అచ్చులో ఉండేది అబద్ధమూ, నువ్వు చెప్పేది నిజమా’ అనిరి అందరూ. నాకు చదువు రాదు. అచ్చు ముందర ఏం నిలబడతాను?”

“ఎన్నేళ్లయింది?”

“మూడు. పైవీధిలో ఈ మూడేండ్లల్లో పదకొండు మంది నీళ్లోసుకున్యారు. రెండే నిలబడినాయి. దాంట్లో ఒగటి ఏడు దినాలే బతికె.”

“ఊళ్లో చంటిపిల్లలు కనపడరేమని అనుకున్నా. అమ్మానాయనల వెంట వలస పోయారేమో అనుకున్నా.”

“వలస పోయినోళ్ల బిడ్డలు బాగుండారు. ఈడుండేటోళ్లకే ల్యారు. లోపల దూలానికి ఉయ్యాల కొక్కీ ఉండాది, సూడు. మా కోడలు లక్ష్మీదుర్గ దానికి కూరలోకి ఎర్రగడ్డలు కట్టి యాలాడేసింది. మూడు కడుపులు పాయ ఆ పిల్లకు. మొన్న ఒంటిమిట్టకు పోయి రాములోరికి ముడుపు కట్టొచ్చె. వచ్చి, కాళ్లు కడుక్కోని, ఆ కొళాయి నీళ్లే ముంచుకోని తాగె.”

“ఇవన్నీ నీళ్ల వల్లేనని ఎట్లా చెప్తాం? రక్తం లేకపోవచ్చు, తిండి లేకపోవచ్చు. ఏదైనా కావచ్చు.”

“కావొచ్చు. నీ ఫోను మోగుతాంది.”

“ఉమామహేశ్వర. మా యూనివర్సిటీలోనే, రాళ్లూ నీళ్లూ పరీక్ష చేసే చదువు అతనిది. అతను అడిగితే చిన్న ఈరన్న చేత ఇక్కడి చెలమవీ గొడ్డుబావివీ రెండు సీసాలు తెప్పించి పంపించా. ఉండవ్వా, ఇక్కడ స్పీకర్లో పెడితేగానీ వినపడదు. హలో, ఉమా?”

“పవిత్రా, నువ్వు పంపిన సీసాలు ఇవాళే చూశాను. ఆలస్యమైంది, తిట్టొద్దు.”

“చెప్పు.”

“‘చెలమ’ అని రాసిన సీసా నీళ్లు బాగున్నాయి. రెండోదాంట్లో సీసం ఉంది. ఉండొచ్చన్న హద్దుకి నలభై రెట్లు. మిషను తప్పు చూపిస్తోందేమోనని మూడుసార్లు చేశా.”

“సీసమంటే?”

“సీసమే. తుపాకి గుండ్లు పోసే సీసం. ఆ కొండలో పాత గనులేమైనా ఉన్నాయేమో కనుక్కో.”

“ఉండాయి నాయనా. నవాబు గుండ్ల కోసం తవ్విచ్చిన గుంతలు. వాటి కిందనే ఉండాది బాయి.”

“ఎవరు మాట్లాడేది?”

“హనుమమ్మవ్వ. ఉమా, సీసాలు పంపి నెల దాటింది. ఇన్నాళ్లు ఎందుకు పట్టింది?”

“తాగేనీళ్లు ముందు చూస్తాం కదా. దీని మీద నువ్వే రాశావు, ‘గొడ్డుబావి, అంటే పశువుల బావి’ అని. మనుషులు తాగేవి కాదులే అని అన్నిటికన్నా వెనక పెట్టాను. ఎందుకు, ఎవరైనా తాగుతున్నారా? పవిత్రా? తాగుతుంటే వెంటనే ఆపించు. అందరికీ చెడ్డదే. కడుపుతో ఉన్నవాళ్లకయితే మరీ. అది తల్లి దగ్గర ఆగదు, బిడ్డకు పోతుంది. హలో? వినపడుతోందా?”

“వినపడింది ఉమా. మళ్లీ చేస్తాను.”

“కూసో తల్లీ. యాడికి లేస్తాండావు? కూసో. ఈ నీళ్లతో మొగం కడుక్కో.”

“ఆ రాయి చదివింది నేనేనవ్వా.”

“ఏమంటివి?”

“పచ్చట్ట పుస్తకం. దాంట్లో ఈ రాయి చదివింది నేనే. నాలుగేళ్ల కింద, కర్నూల్లో, ఫ్యాను కింద కూర్చొని. రెండక్షరాలు లేవు. అట్లాంటి రాళ్లమీద ఎప్పుడూ వచ్చే మాటే కదా అని ‘య్యని’ పెట్టాను. తాగనియ్యని వారు. ‘చ్చిన’ అని నాకు తట్టనే లేదు. పెచ్చు లేచిపోయిన చోటు కూడా సరిగ్గా రెండక్షరాలకే సరిపోయింది. ఎంత సంతోషపడ్డానో ఆ రోజు.”

“రెండచ్చరాలు.”

“రెండే.”

“లక్ష్మీదుర్గవి మూడు పాయనే తల్లీ.”

“తిట్టవ్వా నన్ను. కొట్టు.”

“నిన్ను కొడితే ఏం వస్తాది? నువ్వే కడుపుతో ఉండావు. నీ మీద చెయ్యెట్ల లేస్తాది?”

“నలభై దినాలు అవ్వా. పొద్దున సీసా, సాయంత్రం సీసా. ఎండ కదా అని ఇంకా ఎక్కువ తాగినాను. బిడ్డకు మంచిదని తాగినాను.”

“ఇప్పుడే కారు పిలుచుకో. కడపకు పో. పెద్దాస్పత్రిలో సూపిచ్చుకో. ఈడ నిమిషం ఉండాకు.”

“ఊరోళ్లు వినలేదు సరే. నేను వినేదానికే వచ్చినదాన్ని కదవ్వా. నువ్వు దగ్గినా రాసుకున్నానే. నాకొక్క మాట చెప్పి ఉండొచ్చు కదా. నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తి.”

“ఎప్పుడు చెప్పావు?”

“నువ్వొచ్చిన మొదటి దినమే. ఈ అరుగు మీదనే. చెప్తే నవ్వితివి, రాసుకుంటివి. చదువుకున్న పిల్ల, రాసుకున్యాది కదా, తెలిసిపాయలే అనుకుంటి. నువ్వు కడుపుతో ఉండావని అప్పుడు నాకు తెలీదు. ఇయ్యాల నీ చెయ్యి సూసినాకనే నాకు గుండె దడ పట్టుకున్యాది.”

“లేదు. నువ్వు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు గుర్తుండేది.”

“ఈ డబ్బీ ఏదీ మర్చిపోదు అంటివి కదా. పెట్టు సూద్దాం.”

“మొదటి రోజు... మొదటి రోజు... ఇదిగో.”

రికార్డరులో గొంతులు:

“ఏం పాపా, ఆ సీసాలో కొళాయి నీళ్లా? అవి తాగాకు. గొడ్డునీళ్లు అవి. తాగాకు.”

“ఆగవ్వా, ఆగు. ఏమన్నావు, ‘తాగాకు’ అన్నావా? అబ్బ, మొదటి రోజే దొరికింది. ఇంకోసారి చెప్పు, నిదానంగా.”

“తాగాకు తల్లీ.”

“ఇంకోసారి.”

“తాగాకు.”

“చాలవ్వా, చాలా స్పష్టంగా పడింది. ఒక్క నిమిషం ఉండు, గొంతెండిపోతోంది. రెండు గుక్కలు తాగి మిగతాది అడుగుతా.”