రీసెట్ నొక్కేముందు రాసి పెట్టే మనిషి

ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న మా విభాగ పర్యవేక్షకులు 1989 జూన్ 12వ తేదీ సోమవారం, ఉదయం షిఫ్టులో, ఈ కాగితపు మిల్లు విద్యుత్ విభాగంలో సహాయ ఎలక్ట్రీషియన్‌గా తొలిసారి హాజరు పట్టీలో సంతకం చేశారు. రేడియోలు బాగుచేసే తండ్రి దగ్గర అలవడిన ఓర్పు, సాంకేతిక పాఠశాలలో నేర్చిన విద్య తప్ప అప్పటికి వారి వెంట మరేమీ లేదు.

తొలి ఆరేళ్లు బేరింగులు మార్చడంలో, కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టించడంలో గడిచాయి. ఆ తరువాత మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచి తగ్గించే డ్రైవ్‌లు వచ్చాయి. బూడిదరంగు బీరువాల్లాంటి ఆ పెట్టెలను చూసి పెద్ద మేస్త్రీలు సైతం "మనకెందుకొచ్చిన గొడవ" అని పక్కకు తప్పుకుంటే, వారు వాటితో వచ్చిన పుస్తకాన్ని నిఘంటువు దగ్గర పెట్టుకుని ఎనిమిది నెలలు చదివారు.

కరెంటు తీసేశాక కూడా డ్రైవ్ లోపల ప్రాణం తీసేంత విద్యుత్తు కాసేపు నిలిచే ఉంటుంది. అందుకే పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూసుకున్నాక గానీ మూత తీయనిచ్చేవారు కారు. తొందరపడేవారితో, "ఆగావా, ఇంటికి నువ్వెళ్తావు. ఆగలేదా, నీ టిఫిన్ డబ్బా ఒక్కటే వెళ్తుంది" అనేవారు. అలా వారికి 'పది నిమిషాల మాస్టారు' అనే పేరు స్థిరపడింది.

డ్రైవ్ ఆగిపోతే అందరి చెయ్యీ ముందు రీసెట్ బటన్ మీదికే పోతుంది. వారు మాత్రం తెర మీద కనిపించే లోపం కోడు, అప్పటి వేగం, వోల్టేజీ లాగ్ బుక్కులో రాసిన తరువాతే దాన్ని నొక్కనిచ్చేవారు. "రోగి ఏడుస్తుంటే నోరు మూసేసి, ఎక్కడ నొప్పి అని అడిగితే ఏం చెప్తాడయ్యా?" అన్నది వారి వాదన.

ఆ అలవాటు విలువ 2007లో తెలిసింది. పెద్ద కాగితపు చుట్టను కోసి చిన్న చుట్టలుగా చుట్టే యంత్రానికి కొత్త డ్రైవ్ పెట్టి నెల తిరగకముందే, అది వారంలో అయిదుసార్లు మొరాయించి కాగితం చించింది. ఆ యంత్రం నడిపే ఆమె ఆపరేటర్‌గా చేరి నాలుగు నెలలే. ఇంకా పర్మనెంటు కాలేదు. యంత్రాన్ని మొరటుగా ఆపుతోందని తేల్చి, మేనేజరు గారు ఆమెను తీసేసే ఉత్తర్వు సిద్ధం చేయించారు. మాస్టారు మధ్యాహ్నం దాకా గడువడిగి, యంత్రం దగ్గరికి వెళ్లారు.

"నేను మెల్లగానే నొక్కానన్నా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "అయినా బటన్‌కి మెల్లగా ఏంటి, గట్టిగా ఏంటి? గారాబం చేస్తే మాట వింటుందా అది?"

వారు ఫక్కున నవ్వారు. "అదీ నిజమేనమ్మా. బటన్ ఆగమని చెప్తుందంతే. ఎలా ఆగాలో చూసుకునేది డ్రైవే."

లాగ్ బుక్కులో అయిదుసార్లూ ఒకే కోడు, అధిక వోల్టేజీ. అయిదుసార్లూ చుట్టలు నిండుగా ఉన్నప్పుడు, ఆపుతుండగానే. బరువైన చుట్ట ఆగేటప్పుడు తన ఊపుతో మోటారును తిప్పుతుంది. అప్పుడు మోటారే కరెంటు పుట్టించి డ్రైవ్‌లోకి వెనక్కి నెడుతుంది. ఆ కరెంటును వేడిగా మార్చి ఖర్చు చేయడానికే పక్కన రెసిస్టర్ పెట్టె ఉంటుంది. వారు ఆ పెట్టె మీద చెయ్యి ఆనించారు. చల్లగా ఉంది. తీగలు బిగించే ఉన్నాయి గానీ, దాన్ని వాడుకోమని కొత్త డ్రైవ్ సెట్టింగుల్లో ఎవరూ చెప్పలేదు. పాత డ్రైవ్‌కు చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఈ కొత్త దానికి సెట్టింగులు పెట్టింది మాస్టారే.

ఒక్క అంకె మార్చి, నిండు చుట్టతో మూడుసార్లు ఆపించి చూశారు. యంత్రం బుద్ధిగా ఆగింది. వారు లాగ్ బుక్కులో, "ఆపరేటర్ తప్పు లేదు. రెసిస్టర్ సెట్టింగ్ నేను మరిచాను" అని రాసి సంతకం చేశారు.

"బాగైపోయిందిగా, ఇదంతా రాయడం దేనికయ్యా? నిన్నెవరడిగారు?" అన్నారు మేనేజరు గారు.

"ఎవరూ అడగరనే రాశానండీ. రాయకపోతే అది ఆ అమ్మాయి పేరు మీదే ఉండిపోతుంది."

ఉత్తర్వు చిరిగింది. ఆ ఏడు వారికి రావలసిన పదోన్నతి రెండేళ్లు వెనక్కి పోయింది. ఇంట్లో చెబితే సతీమణి గారు, "పోతే పోయిందిలెండి. పొరపాటు చేసి కూడా ఇంత నిబ్బరంగా కాఫీ తాగేవారిని మిమ్మల్నే చూశాను" అని ఊరుకున్నారట.

2009లో ఫోర్‌మన్‌గా, 2016లో విభాగ పర్యవేక్షకులుగా ఎదిగి, ముప్పై ఆరేళ్లు నిండిన సేవ అనంతరం వారు ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్నారు. సతీమణి గారితో, బిడ్డలతో వారు ఆయురారోగ్యాలతో, చెయ్యి వణకక, చూపు మందగించక, చిరకాలం సుఖంగా ఉండాలని విభాగమంతా మనసారా కోరుకుంటోంది.

నాటి ఆపరేటర్ నేడు అదే యంత్రానికి షిఫ్టు ఇన్‌చార్జి. మిల్లు పత్రిక ఈ సంచికలో తన మాట కూడా ఒకటి వేయమన్నారు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇది: "మా అన్న నూరేళ్లు చల్లగా ఉండాలి. ఆ రోజు ఆయన ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తప్పు నాదేనని నేనే నమ్మేసేదాన్ని."