తుపాకీ ఉన్నంతసేపూ తిట్టని మనిషి

ఆ చొక్కా అంచు అలా మాటిమాటికీ లాక్కోకే కార్లీ, వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా. నడుముకి తుపాకీ ఉందని ఊరంతా దండోరా వేస్తున్నట్టుంది. లైసెన్సు వచ్చిందటగా? ఆఁ, మీ నాన్న చెప్పాళ్ళే. ఇలా పొయ్యి దగ్గర కూచో, పొగ అటు పోతోంది. బీరు తాగుతావా? వద్దా? మంచిది, ఊరికే అడిగి చూశా. మీ నాయనమ్మా అంతే. తుపాకీ ఒంటిమీదుంటే, జూలై నాలుగు స్వాతంత్ర్య పండక్కి ఊరంతా తాగి ఊగుతున్నా తను నిమ్మరసంతోనే సరిపెట్టుకునేది.

నువ్వు చూళ్ళేదు కదూ మా వెల్డాని. ఇళ్ళకెళ్ళి వైద్యం చేసే నర్సమ్మ. పశువుల బీళ్ళ మధ్య మట్టిరోడ్లమీద ఒక్కతే కారేసుకుని, ఇక్కడో ముసలాయనకి పుండు కట్టి, అక్కడో ముసలమ్మకి సూది పొడిచి... ఈ టెక్సాస్ మూల పోలీసు షెరీఫుకి ఫోను చేస్తే, ఆయనొచ్చేలోపు కాఫీ కాచుకు తాగి, గిన్నెలు కూడా కడుక్కోవచ్చు. ఒకసారి ఎవడో తాగుబోతు తన కారుకి ట్రక్కు అడ్డం పెట్టాడు. ఏం కాలేదులే, వెనక్కి తిప్పుకుని వచ్చేసింది. అప్పుడు కొంది చిన్న రివాల్వరు. కాల్చడం నేర్పింది నెడ్రా అని, మహా గట్టిది. ఆవిడ అందిట, "ఇది కట్టుకున్న రోజు ప్రతి పోట్లాటలోనూ ఓడిపోయేది నువ్వే. దానికి ఒప్పుకుంటేనే కట్టుకో" అని. మీ నాయనమ్మ ఆ మాట బైబిల్లో మాటలా పట్టుకుంది. దాణా కొట్టు ముందు ఒకడు, కారు అడ్డం పెట్టావు ముసలిపీనుగా అని నానా మాటలూ అన్నాడు. అడ్డమా పాడా! మీ నాయనమ్మ మాత్రం "తప్పు నాదే బాబూ, ఇప్పుడే తీస్తా" అని నవ్వుతూ తీసేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నడుముకి అది పెట్టుకుని ఇంత పిరికిదానివేంటే?" అన్నా. "అదుంది కాబట్టేనయ్యా. లేకపోతే వాడి మొహం వాచేలా చివాట్లు పెట్టేదాన్ని" అంది.

అయితే ఆ చివాట్లన్నీ ఎక్కడికి పోతాయి చెప్పు? ఇంటికొచ్చి రివాల్వరు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేదా, ఇక నా పని అయిపోయేది. "ఆల్టన్! ఆ బూట్లతోనే తివాచీ తొక్కాలా? నిన్ను కన్నతల్లికి దండం పెట్టాలి!" బూట్లయ్యాక నా గురక, గురక అయ్యాక మా అన్న. వాడు చచ్చి ఎన్నాళ్ళో అయింది, పాపం! నవ్వుతావేం? నేనూ నవ్వేవాణ్ణి. నాకది పాటలా ఉండేదే తల్లీ, ఒట్టు. మాంసం ఇంకా ఉడకలేదు, ముట్టుకోకు.

ఎంతవరకూ వచ్చాను? ఆఁ, తర్వాత్తర్వాత తనకి మతిమరుపు మొదలైంది. మొదట కారు తాళాలు, తర్వాత పేషెంట్ల పేర్లు. ఒక మధ్యాహ్నం నేను మంగలి దగ్గర గడ్డం తీయించుకుని పెరటి గుమ్మంలోంచి వచ్చా. వంటింట్లో నిలబడుంది, చెయ్యి చొక్కా కింద రివాల్వరు మీద. ఇనప్పెట్టెలో పెట్టడం మర్చిపోయినట్టుంది. "అక్కడే ఆగు. ఎవరు నువ్వు?" అంది. ఆ గొంతు నాకు మళ్ళీ ఎప్పుడూ వినపడకూడదే తల్లీ. నేను కదల్లేదు. పేరు చెప్పా. మీ నాన్న పేరు చెప్పా. తుపాకీ బయటికి తియ్యలేదు, అంత మతి తప్పినా తియ్యలేదు. చూసి, చూసి, కుర్చీలో కూలబడిపోయింది. మర్నాడు తనే నన్ను తీసుకుని నెడ్రా దగ్గరికెళ్ళి రివాల్వరు చేతిలో పెట్టేసింది. "నేను ఏడ్చి అడిగినా ఇవ్వకు. మా ఆయన్ని కాల్చేస్తానేమో" అంది. వీధిలో నిలబడి నేనే ఏడ్చాను. తను కాదు.

నాకు లోపల ఒక ఆశ ఉండేది. ఇప్పుడు తుపాకీ లేదు కదా, ఇక రోజంతా తిడుతుంది, మతి ఎంత పోయినా నోరు మిగులుతుంది అనుకున్నా. కానీ తుపాకీ ఇచ్చేసిన సంగతే మర్చిపోయింది. నడుముకి ఇంకా ఉందనే అనుకునేది. పొద్దున్న లేస్తే చొక్కా సర్దుకోవడం, ఉత్త నడుము తడుముకోవడం. నేనెవరో తెలీదు. నేను కాఫీ ఒలకబోసినా, కావాలనే బూట్లతో తివాచీ తొక్కి నిలబడినా, పరాయివాడితో మాట్లాడినట్టు మెత్తగా, "తప్పు నాదేనండీ, మీరు కూచోండి" అనేది. పోయేదాకా అంతే. ఒక్క తిట్టు, కార్లీ. ఒక్కటి తిట్టి పోవాల్సింది నన్ను.

...

ఆ పట్టకారు ఇలా అందుకో. మాంసం మాడుతోంది.