అంజమ్మ గుడాలు

సిద్దిపేటలో రంజాన్ చివరి ఉపవాసం రోజు, శుక్రవారం, పొద్దు వాలే వేళ. పరుపులు కుట్టే దూదేకుల సైదులు దుకాణం ముందు టైల్స్ వ్యాపారి జహంగీర్ పొట్లం ఒకటి చంకలో పెట్టుకొని నిలబడ్డాడు.

“…నేను ఏకిన దూది లేసి, సిద్దిపేట మొత్తం మీద మబ్బులెక్క కమ్ముకున్నది జాంగీరూ! పొద్దుగూకిందనుకొని జనం ఖర్జూరలు నోట్లె ఏసుకున్నరు. గంత పనిమంతుణ్ణి నేను!”

“సైదులు తాతా, గా ముచ్చట మళ్ళ చెప్పు. నాతోని జర అంజమ్మ ఇంటికాడికి రా.”

“మసీదు ఎనుక గల్లీల అంజమ్మనా? షోరూమోనివి, ఆమెతోని నీకేం పని?”

“తెలిసి అడుగుతవేంది?”

“తెల్వది. చెప్పు.”

“నిన్న మసీదుల ఇఫ్తార్ నాదే గద. హలీం పెట్టిచ్చిన…”

“చూసిన. ఫ్లెక్సీ గూడ చూసిన. మీనార్ కన్న నీ మొకమే పెద్దగున్నది. హలీం తినాల్నో, నీ ఫొటో తినాల్నో సమజ్ కాలే.”

“తాతా!”

“సరే సరే. ఇగ చెప్పు.”

“అంజమ్మ గుడాల గిన్నె పట్టుకొని వచ్చింది. రంజాన్ల రోజూ తెస్తది గద, శనగలు ఉడకవెట్టి, ఉల్లిగడ్డ పోపేసి.”

“ఎందుకు తెస్తదో ఎరుకేనా?”

“ఎరుకే. బోర్లు ఎండిన ఏడు మసీదు నల్లా నీళ్ళు తాగి బతికినం, ఒక్కపొద్దులోళ్ళ నోట్లె ఇన్ని గుడాలు పడాలె అంటది.”

“మరి నిన్న పడ్డయా?”

“…లేదు.”

“ఎందుకు పడలే?”

“నేనే… గేటు కాడ… జర హడావిడిల ఉన్న గద…”

“హడావిడిల ఏమన్నవ్?”

“ఏమనలే. ‘అవ్వా, ఇయ్యాల…’ ఊకో తాతా, నోరొస్తలేదు.”

“నిన్న మంచిగనే వచ్చిందట గద. నలుగురి ముంగట.”

“‘ఇయ్యాల హలీం ఉన్నది, నీ గుడాలు ఎవ్వలు తింటరు, తీస్కపో, ఇగ తేకు’ అన్న. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.”

“ఊఁ.”

“ఇయ్యాల జుమ్మాల ఇమామ్ సాబ్ గదే చెప్పిండు. ఏ మేలునూ చిన్నగ చూడొద్దట. పక్కింటామె గొర్రె కాలిగిట్ట పంపినా తక్కువ చెయ్యొద్దని ప్రవక్త చెప్పిండట. తలకాయ లేపలేకపోయిన తాతా. అందరు నన్నే చూస్తున్నట్టు…”

“నిన్నెవ్వలు చూస్తరు? ఫ్లెక్సీ చూసి చూసి అందరికి మొకం మొత్తింది.”

“నిన్న ఆమె నీ దుకాణం ముంగటికెల్లే పోయింది గద. ఏమన్నది?”

“ఏమంటది? గీ మెట్ల మీదనే కూసున్నది. ఏడ్సింది.”

“ఏడ్సిందా?”

“కొంగు తడిసింది. నా కొత్త పరుపు గూడ జర తడిసింది.”

“యా అల్లా! నా ముప్పై దినాల ఒక్కపొద్దులు నీళ్ళల్ల పోసుకున్నట్టే.”

“గా చంకల ఏంది?”

“పట్టుచీర. చేతుల పెట్టి మాఫీ అడుగుదమని.”

“మళ్ళ పెద్దదేనా? నిన్న హలీంతోని కొట్టినవ్, ఇయ్యాల చీరతోని కొడ్తవా? గదీడ పెట్టు. వొట్టి చేతులతోని పోయి, గుడాలు పెట్టుమని అడుగు.”

“నేను అడుగుడా? ఏ మొకం పెట్టుకొని?”

“ఫ్లెక్సీ మీదిది గాదు. అసలుది.”

“పెట్టకపోతే?”

“వొట్టి నీళ్ళతోని ఒక్కపొద్దు ఇడువు. రేపు పండుగ. ఇయ్యాల దాటితే మళ్ళ ఏడాదికే. నడువు, చీకటి పడుతుంది.”

“గిది గూడ నీ దూది చీకటేనా?”

“ఎక్కడి దూదిరా! తలకింద ఒక్క మెత్తకు సరిపోయేటంత గూడ లేకుండె. తుమ్మితే ఎగిరి నా కండ్లల్లనే పడ్డది. చీకటైంది నాకొక్కనికే. నడువు!”

అంజమ్మ గడప ముందు.

“ఎవ్వలు, సైదులన్ననా? ఎనుక దాసుకున్నది ఎవ్వలు?”

“నేనే అవ్వా. జాంగీర్‌ని.”

“అయ్యో, లోపటికి రా బిడ్డా. మొకం పీక్కపోయింది. ఒక్కపొద్దున్నవాయె, నీళ్ళు గూడ ఇయ్యరాదు.”

“అవ్వా… నిన్న…”

“నిన్న?”

“నిన్న నేను… గుడాలున్నయా అవ్వా?”

“గుడాలా?”

“ఇన్ని పెట్టు. మసీదుల నా చేతులతోని పంచుత. నిన్న అట్ల అన్నందుకు… మాఫ్ చెయ్యవ్వా.”

“నానబెట్టలే బిడ్డా. తేకంటివి గద, రాత్రి నానబెట్టనే లే.”

“నానబెట్టలేదా…”

“అట్ల తల దించుకోకు. ఆగు. పుట్నాలున్నయి. గుప్పెడే ఉంటయేమో.”

“చాలవ్వా. చాలు.”

“గింతేనా అని నవ్వుతరు బిడ్డా.”

“నవ్వనీ. ఈసారి నన్ను నవ్వుతరు.”

మళ్ళీ గల్లీలో, మసీదు వైపు.

“తాతా, నీ మెట్ల మీద గంత ఏడ్సిన మనిషి, నన్నొక్క మాట అనలే.”

“ఏడ్సుడు అబద్ధం జాంగీరూ. గది నేను కల్పించిన.”

“కల్పించినవా? మరి కూసున్నది?”

“కూసున్నది నిజం. గిన్నె పక్కకు పెట్టి, చేతులు జోడించి, ‘పాపం జాంగీర్ పొద్దటిసంది ఉరుకుతుండు, వాని విందు మంచిగ కావాలె దేవుడా’ అని నీ కోసం మొక్కింది. గా ముక్క ముందుగాలనే చెప్తే, నువ్వు సిగ్గుతోని సచ్చి, ఆ గడప దిక్కు అడుగన్న ఏస్తుంటివా?”